పుస్తకం అటు, మనిషి ఇటు

క్లోపస్ వట్టి చేతులతో వచ్చాడు.

వచ్చి సోఫాలో కూర్చున్నాడు. టోపీ తియ్యలేదు. వ్యాను తాళాలు చూపుడు వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. గోడకవతల పక్కింటి మాడూబే గదిలో టీవీ చర్చి పాటలతో హోరెత్తిపోతోంది. శనివారం పొద్దున్న ఏడున్నర. నా భార్య సెకాయి పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడింది. గంజి అడుగంటుతున్న వాసన వస్తున్నా కలపడం లేదు.

నాకు లేచి అతని చొక్కా పట్టుకోవాలని ఉంది. కాని నేను చేసిందేమిటి? మోకాళ్ళు మడిచి నేలమీద కూర్చుని, అరచేతులు దొప్పలా చేసి మెల్లగా చప్పట్లు కొట్టాను. మాలో భార్య అన్నదమ్ములు మామగారితో సమానం. అతనికి ఇరవయ్యారేళ్ళు, నాకు నలభై ఎనిమిది. అతనికి బండి తోలడం నేర్పింది నేను. అయినా సోఫా అతనిది, నేల నాది.

"బాగా నిద్రపట్టిందా మామగారూ?"

"మీకు పట్టిందంటే నాకూ పట్టినట్టే అల్లుడూ."

ఈ మాటకి అల్లుడు "పట్టింది" అనాలి. పట్టినా పట్టకపోయినా అదే అనాలి.

"నాకు పట్టలేదు మామగారూ," అన్నాను.

క్లోపస్ తాళాలు తిప్పడం ఆపేశాడు. మా పెద్దవాళ్ళెవరైనా ఉండివుంటే ఆ ఒక్క మాటకే నన్ను బయట నిలబెట్టేవాళ్ళు.

సెకాయికి ఈ మర్యాదలతో పనిలేదు. ఆమె అతనికి అక్క.

"నా పుస్తకం ఏదిరా?" పాస్‌పోర్టుని మేం పుస్తకమనే అంటాం.

"ఉందక్కా."

"ఎక్కడుంది?"

"భద్రంగానే ఉంది. నువ్వు ముందు కూచో."

"ఎక్కడ అని అడుగుతున్నాను."

"అటుపక్క."

సెకాయి పొయ్యి ఆర్పింది. గరిటె గిన్నెలోనే వదిలేసి, చేతులు తుడుచుకుని వచ్చి అతని ఎదురుగా మంచం అంచున కూర్చుంది. కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"చెప్పు," అంది.

"గురువారం ఇటు కిటికీలో బయటికి పోయినట్టు ముద్ర పడింది. సరిహద్దు వంతెన దాటాను. అటు కిటికీలో ఊళ్ళోకి వచ్చినట్టు ముద్ర పడింది. అంతా ఎప్పట్లాగే. సరుకు దింపి, నిన్న తిరిగి వద్దామని వరుసలోకి వస్తే, ముందు పోయిన డ్రైవర్లు వెనక్కి వస్తున్నారు. ఇటుపక్క కిటికీలో మనం డబ్బులిచ్చే మనిషిని వేరే ఊరు వేశారంట. ఆ కుర్చీలో ఎవరో కళ్ళద్దాల కొత్తావిడ కూచుంది. నోమాటర్ తెలుసుగా, మా బండ్ల వాడు, వాడు అలవాటుగా పుస్తకం లోపలికి తోశాడు. 'దీని మనిషేది?' అందంట. 'బాత్రూముకి పోయింది' అన్నాడంట. ఆవిడ పెన్ను కింద పెట్టి, 'సరే, రానీ' అని కూచుంది. ఇరవై నిమిషాలు అక్కా! రాని మనిషి కోసం ఇరవై నిమిషాలు! తర్వాత వాడి సంచీ విప్పించింది. నా దగ్గర పరాయి పుస్తకాలు అయిదున్నాయి. నేనేం చేస్తాను?"

"పరాయి పుస్తకాలు," అంది సెకాయి.

"అంటే, నీది కాదనుకో."

"వెనక్కి తెచ్చెయ్యాల్సింది కదా మామగారూ," అన్నాను నేలమీంచి.

"తెస్తే? దారిలో దొరికితే చింపేస్తారు. దొరక్కుండా తెచ్చాననుకోండి, బయటికి పోయినట్టు ముద్రపడ్డ పుస్తకం ఇక్కడ బీరువాలో ఉంటే అది పుస్తకమేనా? అందుకే ఫుంగిసాయి మేనత్త దగ్గర పెట్టి వచ్చాను. అటు బస్టాండులో చాపలమ్ముతోంది కదా ఇప్పుడు. సొంత మేనత్త కంటే భద్రం ఎవరు?"

సెకాయి తన కాళ్ళవంక చూసుకుంది.

"అయితే లెక్కప్రకారం నేనిప్పుడు ఎక్కడున్నాను?"

"అటుపక్క."

"ఎప్పట్నించి?"

"గురువారం నించి."

"మరి నిన్న పన్నెండు గంటలు ముసలమ్మలకి స్నానాలు చేయించింది ఎవరు?"

క్లోపస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మూడు నెలలకోసారి పుస్తకంలో ఇక్కడ ఉండనిచ్చిన రోజులు అయిపోతాయి. మళ్ళీ రోజులు పడాలంటే దేశం దాటి తిరిగి రావాలి. పని వదులుకుని, రానూపోనూ పద్నాలుగు గంటలు బస్సులో కూర్చుని, వరుసల్లో ఎండి ఎవరొస్తారు? పుస్తకమే వెళ్ళొస్తుంది. ఈ రోజెటన్‌విల్ వీధిలో సగంమంది పుస్తకాలు వాళ్ళకంటే ఎక్కువ తిరిగాయి. రెండేళ్ళలో సెకాయి పుస్తకం ఎనిమిదిసార్లు ఊరెళ్ళింది. సెకాయి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

మిగతా అయిదుగురి పుస్తకాలు నెలరోజులు ఆగినా కొంప మునగదు. సెకాయికి సోమవారం ఉంది. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి, ఆమె పనిచేసే వృద్ధుల ఇంటి మేనేజరమ్మ పరాయి దేశపు ఆయాలందరి పుస్తకాలూ చూస్తుంది. రోజులున్న పుస్తకం చేత్తో తెచ్చినవాళ్ళ పేర్లు లాయరుకి వెళతాయి. లాయరు నాలుగేళ్ళ పని వీసా పెట్టిస్తాడు, ఖర్చంతా వాళ్ళదే. తేలేనివాళ్ళు ఆ రోజునించి పనిలోకి రానక్కర్లేదు.

"బుధవారం రాత్రి నేనేమన్నాను?" అని సెకాయి అడిగింది. తమ్ముణ్ణి కాదు. నావైపు చూడకుండా నన్ను.

నేను గోటితో నేల గీరాను.

"ఈసారి నేనే వెళ్ళొస్తాను, నెట్సాయిని చూసి రెండేళ్ళయింది, ఆదివారానికల్లా వచ్చేస్తాను అన్నానా, అనలేదా?"

"అన్నావు."

"మీరేమన్నారు? మా తమ్ముడి ముందు చెప్పండి."

"పుస్తకాన్ని పంపితే సరిపోతుంది అన్నాను."

"ఇంకా?"

"సోమవారం పనైపోతే నెలకోసారి వెళ్ళొచ్చు అన్నాను."

"క్రిస్మస్‌కి ఏమన్నారు?"

"సెకాయీ..."

"ఈస్టర్‌కి?"

"నీ మంచికే కదా అన్నది! నువ్వెళితే, తిరిగొచ్చేటప్పుడు ఆ కిటికీలో ఎవరైనా నిన్ను ఆపేస్తే? సోమవారం ఏమయ్యేది?"

"నన్నెవరూ ఆపలేదు నెట్సాయి నాన్నా," అంది. "మీరే ఆపారు."

మా అమ్మాయి నెట్సాయికి తొమ్మిదేళ్ళు. నది అవతల మా దేశంలో, గుటూలో మా అత్తగారి దగ్గర ఉంటుంది. ఫోనులో పొడి పొడిగా మాట్లాడుతుంది. "బాగున్నాను అమ్మా, బాగున్నాను నాన్నా, బ్యాటరీ అయిపోతోంది." ఆ బ్యాటరీ ఈమధ్య మరీ తొందరగా అయిపోతోంది.

తలుపు తట్టకుండా మాడూబే లోపలికి వచ్చింది. తలకి గుడ్డ, చేతిలో పెద్ద టీ కప్పు. గోడలు పలచన. ఆమె టీవీ మాకు వినిపించినట్టే మా కొంప ఆమెకి వినిపిస్తుంది.

"ఆపండయ్యా, నా టీవీలో పాస్టరు ఏం చెబుతున్నాడో నాకు వినపళ్ళేదు," అంది. "జైరోస్, నీ పెళ్ళాం పుస్తకం నీ పెళ్ళాం కంటే ఎక్కువ సుఖపడిందయ్యా. గాలి మారింది, నీళ్ళు మారాయి, మేనత్త ఇంట్లో చుట్టరికానికి దిగింది."

"మాడూబే, ఇప్పుడు ఎగతాళి వద్దు."

"ఎగతాళి కాదు. పుస్తకం ఇక్కడికి రాదు. కాబట్టి మనిషే అక్కడికి పోవాలి. పోయి, పుస్తకం చేత పట్టుకుని, వంతెన మీంచి దొరసానిలా నడుచుకుంటూ రావాలి. ఆ కళ్ళద్దాలావిడ 'దీని మనిషేది' అంటే 'నేనే తల్లీ' అనాలి. ఇంకో దారి ఉందా? ఉంటే చెప్పండి, నా టీ ఇచ్చేస్తాను."



"పోవడమెలా?" అన్నాను చివరికి. "ఇక్కణ్ణించి బయటికి పోవడానికీ పుస్తకం చూపించాలి. పుస్తకంలో ఈమె ఆల్రెడీ పోయింది."

"నది లేదా?"

గోడకవతల పాస్టరు ఒక్కడే అరుస్తున్నాడు.

"సెప్టెంబరు, వానలింకా రాలేదు. నదంతా ఇసకే," అంది మాడూబే. "మోకాలిలోతు నీళ్ళు, అవీ నాలుగు అంగల్లో దాటిపోతాయి. నేను మూడుసార్లు దాటాను, ఒకసారి కడుపుతో. అయినా ఈ వింత ఎక్కడైనా ఉందా? నది దాటి దొంగతనంగా ఇటు వచ్చేవాళ్ళని బోలెడుమందిని చూశాను. దొంగతనంగా సొంత దేశంలోకి పోయేవాళ్ళని ఇప్పుడే చూడ్డం!"

ఆమె నవ్వింది. ఆమె ఒక్కతే నవ్వింది. తర్వాత ఆమె కూడా ఆపేసింది. నది అంటే నీళ్ళ భయం కాదని మా అందరికీ తెలుసు. గట్టుమీద చెట్లలో కాచుకుని కూర్చునే ముఠాలు ఉంటాయి. మగవాళ్ళయితే డబ్బులూ చెప్పులూ లాక్కుని వదిలేస్తారు.

"మగమనిషి తోడుండాలి," అంది మాడూబే, ఈసారి మెల్లగా.

సెకాయి నావంక చూడలేదు. చూడకపోవడమే చూడటం. క్లోపస్ టోపీ అంచు నలుపుతున్నాడు. నేను ఏదో అనాలి. నాకు తెలుసు. నోట్లో మాట తయారుగానే ఉంది. కాని ఆ మాటకి ముందు జేబులో ఉన్న కాగితం గుర్తొచ్చింది.

ఇక్కడి సర్కారు మా దేశం వాళ్ళకి నాలుగేళ్ళ పర్మిట్లు ఇచ్చిన ఏడాది నేను వరుసలో నిలబడ్డాను. మూడు పగళ్ళు, రెండు రాత్రులు. నా బదులు సెకాయి వెళ్ళి, నేను వేస్తున్న బాత్రూములో సిమెంటు కలిపి, నా పని పోకుండా కాపాడింది. నాది వచ్చింది. ఆమె వంతు వచ్చేసరికి గేటు మూసేశారు. ఇప్పుడు ఆ పర్మిట్ గడువు దాటిపోయింది, పొడిగింపుకి పెట్టాను, చేతిలో రసీదు ఒక్కటే ఉంది. రసీదుతో ఇక్కడ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. ఒక్క అడుగు బయట పెడితే తిరిగి రానివ్వరు. నది దగ్గర పట్టుబడితే మరీ చెప్పక్కర్లేదు. పదకొండేళ్ళు ఈ ఊళ్ళో మోకాళ్ళమీద పాకి, వాళ్ళ స్నానాల గదులకి టైల్స్ అతికించాను. ఆ మోకాళ్ళకి మిగిలింది ఆ రసీదే.

"నేను తీసుకెళతాను," అన్నాడు క్లోపస్. "తప్పు నాది."

"నేనూ..." అన్నాను.

"మీరెందుకు?" అంది సెకాయి వెంటనే. "మీ రసీదుంది."

అంతే. లేచి వెళ్ళి పొయ్యి దగ్గర మాడిన గంజి గీకడం మొదలుపెట్టింది.

*

వ్యానులో ముందు సీట్లో అక్కాతమ్ముళ్ళు కూర్చున్నారు. మామగారి భుజానికి భుజం ఆనించి కూర్చునే అల్లుడు మాలో లేడు. నేను వెనకాల దుప్పట్ల మూటలకీ నూనె డబ్బాలకీ మధ్య ఇరుక్కున్నాను. ఆరున్నర గంటలు.

సెకాయి కింద రెండు లంగాలు, పైన పొడుగు గౌను, దానిమీద నా పాత పని కోటు వేసుకుంది. కోటు గుండీలు మెడదాకా పెట్టుకుంది. ఎందుకు అని నేను అడగలేదు. మాడూబే చెప్పివుంటుంది.

"ఎన్నింటికి దాటాలి?" అని అడిగింది తమ్ముణ్ణి.

"రేపు తెల్లవారాక. చీకట్లో వద్దు. ఆదివారం పొద్దున్న చర్చికి పోయే ఆడవాళ్ళు గట్టువెంట నడుస్తారు. వాళ్ళలో కలిసిపోతే గస్తీవాళ్ళు అంతగా పట్టించుకోరు."

"అటు గట్టు ఎక్కాక?"

"మేనత్త దగ్గరికి గంట నడక. పుస్తకం తీసుకుని, పదకొండింటికల్లా వంతెన మీద ఉంటావు. పన్నెండుకి ఇటు. రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఉంటావు. సోమవారం ఎనిమిదికి నీ ముసలమ్మల దగ్గర."

"ఆ కళ్ళద్దాలావిడ ఏమైనా అడిగితే?"

"ఊరెందుకు వెళ్ళావంటే ఏం చెబుతావు?"

"మా అమ్మాయిని చూసి వస్తున్నాను అని చెబుతాను," అంది సెకాయి.

నేను నూనె డబ్బాల మీద చెయ్యి వేసి, కిటికీలోంచి పోతున్న ముళ్ళచెట్లు చూస్తూ కూర్చున్నాను. ఒకచోట పోలీసులు ఆపారు. సెకాయి దగ్గర చూపించడానికి ఏమీ లేదు. క్లోపస్ తన పుస్తకం ఇచ్చాడు, నేను నా రసీదు ఇచ్చాను. పోలీసు అతను సెకాయి వంక చూశాడు.

"ఈవిడ?"

"ఈవిడ మా అక్క సార్. పళ్ళ నొప్పి. నోరు తెరవలేదు."

సెకాయి వెంటనే దవడకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. అతను నవ్వి, ఒక నూనె డబ్బా తీసుకుని పొమ్మన్నాడు. కిలోమీటరు పోయాక కూడా సెకాయి దవడ మీంచి చెయ్యి తియ్యలేదు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనించి నాకు తెలియలేదు. ముందుకి వంగి చూడటానికి దుప్పట్ల మూట అడ్డం.

*

ఆదివారం పొద్దున్న ఆరింటికి, సరిహద్దు ఊరైన ముసీనా దాటాక, మట్టిరోడ్డు ఆగిపోయిన చోట క్లోపస్ తన పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు.

"జేబులో పెట్టుకోండి అల్లుడూ. నదిలో పోగొట్టుకోలేను."

తెల్ల గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళు పదిమందిదాకా బైబిళ్ళు పట్టుకుని ముళ్ళపొదల మధ్య దారిలో పోతున్నారు. సెకాయి వాళ్ళ వెనకాల చేరడానికి సిద్ధంగా ఉంది. కోటు పై గుండీ ఊడింది. నేను పెట్టబోయాను. ఆమే పెట్టుకుంది.

"జాగ్రత్త," అన్నాను. మొగుడు పెళ్ళాంతో అనే మాట అదేనా? ఇంకేదో ఉండాలి. నాకు తోచలేదు.

"పది దాకా ఫోను చెయ్యకండి," అంది. "మోగితే వినపడుతుంది."

వెళ్ళిపోయారు. తెల్ల గౌన్ల మధ్య నా కోటు ఒక్కటే బూడిదరంగులో కాసేపు కనిపించింది.

వ్యాను తీసుకుని వంతెన దగ్గరికి వచ్చాను. బయటికి వెళ్ళేవాళ్ళ వరుస పక్కన కంచె ఉంది. దానికి ఆనుకుని నిలబడ్డాను. ఏడు అయింది. ఎనిమిది అయింది. ఉడికించిన గుడ్లు అమ్మే మనిషి నా ముందునించి నాలుగుసార్లు పోయింది. అయిదోసారి "తినకపోతే పోయావు, నీడకైనా జరుగు నాయనా" అంది. నేను జరగలేదు. అక్కణ్ణించి వంతెన అవతలి కొస కొద్దిగా కనిపిస్తుంది.

తొమ్మిదీ ఇరవైకి క్లోపస్ వచ్చాడు. మోకాళ్ళదాకా తడి. కాళ్ళకి బూట్లు లేవు. కింది పెదవి చిట్లి ఉంది.

ఈసారి నేను చప్పట్లు కొట్టలేదు.

"సెకాయి ఏది?"

"దాటింది."

"చూశావా? నీ కళ్ళతో చూశావా?"

"అవతలి గట్టు ఎక్కడం చూశాను. రోడ్డువైపు పరిగెత్తింది." కంచె కింద కూలబడ్డాడు. "నలుగురు అల్లుడూ. నీళ్ళ మధ్యలో ఉండగా వచ్చారు. అక్క ఫోను ఇచ్చేసింది, చెప్పులు ఇచ్చేసింది. ఒకడు కోటు పట్టుకున్నాడు. నేను వాడి మీద పడ్డాను. మిగతా ముగ్గురూ నామీద పడ్డారు. ఆ సందులో అక్క పోయింది. పోతుంటే నా మీదున్నవాళ్ళలో ఒకడు లేచి..."

"లేచి?"

"కొంత దూరం వెంటపడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చేశాడు."

"ఎంత దూరం?"

"తెలీదు. మొహం ఇసకలో ఉంది నాకు."

చిట్లిన పెదవి చొక్కా చివరతో అద్దుకున్నాడు. నావైపు చూడకుండా అన్నాడు:

"ఇంకో మగమనిషి ఉంటే బాగుండేది అల్లుడూ."

ఇరవయ్యారేళ్ళ కుర్రాడు. నేను నేలవైపు చూశాను. ఈసారి మర్యాద కోసం కాదు.

పది అయింది. పదిన్నర అయింది. సెకాయి ఫోనుకి చేస్తే ఎవరో మగవాడు ఎత్తి నవ్వి పెట్టేశాడు.

పదీ ముప్పావుకి తెలియని నంబరు మోగింది.

"నేనే."

"సెకాయీ! ఎక్కడున్నావు? దెబ్బలేమైనా..."

"చెప్పులు పోయాయి. కాలు కోసుకుంది." కొంచెం ఆగింది. "నన్నేం చెయ్యలేదు."

అడగలేని ప్రశ్నకి అడగకముందే జవాబు ఇచ్చింది. నేను కంచె పట్టుకున్నాను.

"పుస్తకం?"

"చేతిలో ఉంది."

"దేవుడున్నాడు! విను, ఇటు లోపలికి వచ్చే వరుస అసలు లేదు, ఇప్పుడే చూశాను. ఇప్పుడు బయల్దేరితే..."

"మేనత్త పుస్తకం విప్పి చూసిందండీ."

"చూస్తే చూసింది. నువ్వు..."

"వినండి. పేజీ పేజీ తిప్పి చూసింది. చర్చిలో సంఘం పుస్తకాలు రాసే మనిషి, తారీఖులు చదవడం ఆవిడకి ఒకరు చెప్పాలా? రెండేళ్ళలో ఎనిమిదిసార్లు ఊళ్ళోకి వచ్చినట్టు ముద్రలున్నాయి. వచ్చిన ప్రతిసారీ రెండు రోజులో మూడు రోజులో ఉండి పోయినట్టుంది. శుక్రవారం రాత్రే మా అమ్మకి ఫోను చేసింది. 'నీ కూతురు ఎనిమిదిసార్లు వచ్చింది. నీ గడప తొక్కలేదు, కన్నపిల్ల మొహం చూడలేదు. మరి ఆ రాత్రులు ఎవరింట్లో పడుకుందో అడుగు' అంది."

మాలో ఆడపిల్ల నడతకి కాపలా మేనత్తే. ఆవిడ నోటినించి వచ్చిన ఆ మాటని ఇంక ఎవరూ తుడవలేరు.

"చెప్పలేదా నువ్వు? పుస్తకం ఒక్కటే వస్తుందని?"

"చెప్పాను. పుస్తకానికి కాళ్ళున్నాయా అంది. సర్కారు మనిషి ఎదుట మనిషి లేకుండా ముద్ర వేస్తాడా అంది. ఇక్కడ బస్టాండులో పదిమంది విన్నారు, కాళ్ళకి చెప్పుల్లేకుండా మగవాడి కోటు వేసుకుని నిలబడి ఉంటే. మీరైతే నమ్ముతారా?"

"మీ తమ్ముడు చెబుతాడు. ఇక్కడే ఉన్నాడు, ఇదిగో..."

"తమ్ముడు అక్కని వెనకేసుకొస్తున్నాడంటారు," అంది. "నెట్సాయి కూడా విందట. మా అమ్మ ఫోను ఇవ్వబోతే తీసుకోలేదు. 'ఆవిడ ఎనిమిదిసార్లు వచ్చింది, నాకు తెలుసు' అందట. 'ఆవిడ' అంది. 'అమ్మ' అనలేదు."

క్లోపస్ నా మొహంలోకి చూస్తున్నాడు. ఏమైందని చేత్తో అడిగాడు. నేను తల తిప్పుకున్నాను.

"పన్నెండున్నరకి గుటూ బస్సుంది," అంది సెకాయి. "మేనత్త చెప్పులు తొడుక్కున్నాను. నేను ఇంటికి పోతున్నాను."

"రేపు సోమవారం."

"తెలుసు."

"నాలుగేళ్ళ వీసా సెకాయీ! ఆ మేనేజరమ్మ ఒక్కరోజు కూడా ఆగదు. ఇంత చేసింది దేనికి? నది దాటింది దేనికి? ఇప్పుడు వంతెన ఎక్కితే రాత్రికి ఇంట్లో ఉంటావు. వీసా వచ్చాక నెలకోసారి..."

నా నోట్లో ఆ మాట నాకే వినపడి ఆగిపోయాను. ఫోనులో అవతల ఎవరో పళ్ళవాడు అరటిపళ్ళు, అరటిపళ్ళు అని అరుస్తున్నాడు.

"నా మాట చెల్లదట," అంది. "మేనత్త చెప్పేసింది. ఆ ఎనిమిదిసార్లూ నేను మీ పక్కనే ఉన్నానని మీరు చెప్పాలట. పుస్తకాన్ని పంపింది నేనే, మనిషిని పంపనిది నేనే అని మా అమ్మ ముందు కూర్చుని మీ నోటితో చెప్పాలట."

"ఫోనులో చెబుతాను. ఇప్పుడే చెబుతాను."

"అత్తగారితో ఫోనులో పంచాయితీ చేసే అల్లుణ్ణి ఎక్కడైనా చూశారా?"

"నా దగ్గర ఉన్నది రసీదు."

"నాకు తెలుసు మీ దగ్గర ఉన్నదేమిటో. అది మీకు వచ్చినప్పుడు మీ సిమెంటు కలిపింది నేనే." కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది. "పొద్దున్న నది దగ్గర మిమ్మల్ని ఏమీ అడగలేదు. నిన్న ఇంట్లోనూ అడగలేదు. మీరు అనబోతే నేనే ఆపాను, మీకు కష్టం లేకుండా. ఇప్పుడు అడుగుతున్నాను. బస్సు గంటన్నరలో పోతుంది. వస్తారా, రారా?"

"సెకాయీ..."

"ఈ ఫోను వేరేవాళ్ళది. ఒక్క మాట చెప్పండి."

జేబులో రెండు పుస్తకాలున్నాయి. క్లోపస్‌ది పైకి తీసి అతని ఒళ్ళో పడేశాను. నాది తీశాను. రసీదు దాని మధ్యలో నాలుగు మడతలు పెట్టి ఉంది. మడతల దగ్గర అప్పుడే చిరగడం మొదలైంది.

"వస్తున్నాను," అన్నాను.

ఫోను పెట్టేసింది.

క్లోపస్ లేచి నిలబడ్డాడు. "ఎక్కడికి అల్లుడూ? మతి పోయిందా? పోతే మళ్ళీ రానివ్వరు మిమ్మల్ని!"

నేను కంచె తిరిగి వెళ్ళి, బయటికి వెళ్ళే వరుసలో చివర నిలబడ్డాను. కిటికీ దాకా నా ముందు పద్దెనిమిదిమంది ఉన్నారు. లెక్కపెట్టాను. ఒక ముసలాయన, ఇద్దరు పిల్లలతో ఒకావిడ, తలమీద మూటలు మోస్తున్న బేరగాళ్ళు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పదకొండేళ్ళుగా ఒక్క ముద్ర కూడా పడని నా పుస్తకం చెమటకి తడిసిపోతోంది.

వరుస కదిలింది. నా ముందున్నవాడు రెండడుగులు ముందుకి జరిగాడు. నేను జరగలేదు. నా వెనక వచ్చి చేరిన మనిషి వేలితో నా వీపు మీద పొడిచాడు.